ఖాలీ నెల

నా పెళ్లి ముచ్చట బయటివాళ్ల మధ్య మొదటిసారి విన్నది కరీంనగర్ బస్టాండులో, చాయ్ బండి పక్కన. మంచిర్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన ఇద్దరు కుర్రవాళ్లు ఒకే ఫోనులోకి తలలు పెట్టి చూస్తున్నారు. ఆ ఫోనులోంచి నా చెల్లెలి గొంతు వస్తున్నది.

"మా అక్కకు పద్నాలుగేండ్లకు పెండ్లి చేసిండ్రు. ఆడుకునే పిల్లను లేపి, మొఖం కడిగి కూసోబెట్టిండ్రు. నేను పుట్టిన మతం గిట్లుంటది."

అప్పుడే ఇద్దరు బురఖా పిల్లలు అటుగా పోతున్నారు. కుర్రవాళ్లలో ఒకడు వాళ్లను చూసి శబ్దం పెంచాడు. "మీ ఆమెనే చెప్తుంది, జర ఇనుండ్రి," అని అరిచాడు. పిల్లలు వినపడనట్టే నడక వేగం పెంచారు.

నేను చీర మీది చాదర్ సర్దుకుని దగ్గరికి వెళ్లాను. "జర అది ఆపు బిడ్డా," అన్నాను.

"ఎందుకమ్మా? మంచిగనే చెప్తుంది గదా?"

"మంచిగనే చెప్తుంది. గని అది నా పెండ్లి."

వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తాను కూర్చున్న స్టూలు లాగి నా ముందుకు జరిపాడు. నేను కూర్చోలేదు. బస్సు వచ్చింది.

మంచిర్యాల చేరేవరకు నాకు కోపం తగ్గలేదు. వాడి మీద కాదు, చెల్లెలి మీద. ఒక్క నిమిషం మాటల్లో రెండు తప్పులు. ఆ రోజు నేను ఆడుకోవడం లేదు, నాన్న తెచ్చిన పత్తి తూకాల చిట్టీలు కూడుతున్నాను. జమ్మికుంట మార్కెట్ యార్డులో నాన్న కాంటా దగ్గర పనిచేసేవాడు, సాయంత్రం కూడికలు నావి. ఇక నా మొహం ఎవరూ కడగలేదు, నేనే కడుక్కున్నాను. మూడో తప్పు కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

అన్నిటికంటే పెద్ద సంగతి, చెల్లెలు ఆ రోజు అక్కడ లేనే లేదు. దానికి నాలుగేళ్లు. ఏడుస్తున్నదని పక్కింటి పద్మశాలీల ఇంట్లో మగ్గం గుంట పక్కన పడుకోబెట్టారు. ఆ పెళ్లి గురించి దానికి తెలిసినదంతా నేను చెప్పినదే. నస్పూర్ గని క్వార్టరులో దాని తలకు నూనె రాస్తూ, జడ వేస్తూ చెప్పాను. జడ వేసిన దాని మాటను జడ వేయించుకున్నది తీసుకుపోయి ఊరంతటికీ పంచింది.

నా భర్త బొగ్గు గనిలో పనిచేసేవాడు. గని పైకప్పు కూలి పోయాడు. ఆయన బదులు నాకు మస్టర్ ఆఫీసులో పని ఇచ్చారు. ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు, ఎవరు నాగా, అంతా రాయడం నా పని. నాన్న కూడా పోయాక చెల్లెలిని నా దగ్గరికి తెచ్చుకున్నాను. దాన్ని బడికి, కాలేజీకి, ఎం.ఏ.కు పంపాను. అది లెక్చరరు అయి హైదరాబాదులో స్థిరపడింది. రిటైరయ్యాక ఒకరోజు ఫోను చేసి, "ఆపా, నేను నమాజు ఇడ్సిపెట్టిన. దీన్ కూడా ఇడ్సిపెట్టిన," అని చెప్పింది. దీన్ అంటే మతం. కొంతకాలానికి వీడియోలు మొదలుపెట్టింది, తెలుగులో. మా ఇంట్లో తిట్టుకోవడం, ఏడవడం, దువా చేయడం అన్నీ దక్కనీ ఉర్దూలో, ఇక్కడ చాలావరకు తెలుగు చేసి రాస్తున్నాను. దానికి నేను ఎప్పుడూ ఆపానే. వీడియోలో మాత్రం "మా అక్క". ఆ "అక్క" ఎవరో వేరే మనిషిలా ఉంటుంది. ఎప్పుడూ ఏడుస్తూ ఉంటుంది.

వీడియోల కింద జనం రాసేవి చదివాను. "మీ ధైర్యానికి దండం అక్కా." "మీలాంటోళ్లు పదిమంది ఉంటే చాలు." కొందరు రాసినవి ఇక్కడ రాయను. అవి చెల్లెలిని మెచ్చుకోవడానికి రాసినవి కావు, మా జాతినంతా తిట్టడానికి దాని గడప వాడుకున్నవి. వాటిని చదివినప్పుడు కోపం వచ్చింది. దండాలు చదివినప్పుడు అంతకంటే ఎక్కువ మండింది. ఎందుకంటే ఆ మాట మా గల్లీల్లో ముందు అన్నది నేను. నలభై ఏళ్లుగా, ఎవరింట్లో నిఖా మాట వచ్చినా, "పిల్లకు ఎన్నేండ్లు?" అని అడుగుతున్నాను. మజీదు కమిటీ పెద్దాయనకు, నిఖా చదివే ముందు వయసు అడగాలని ఎన్నిసార్లు చెప్పానో ఆయనకే తెలుసు. "చూద్దాం ఆపా," అనేవాడు. వీడియోలు వచ్చాక మొన్న మళ్లీ అడిగితే ముఖం తిప్పుకుని, "మీ చెల్లెలి మాట మీ నోట వస్తుంది ఆపా," అన్నాడు.

నా మాట నా నోట వస్తే అది చెల్లెలిదట!

నాతో పాటు జమ్మికుంటలో పక్కింట్లో పెరిగిన పద్మశాలీ ఆమె ఇప్పుడు, నేను రిటైరై వచ్చి ఉంటున్న కరీంనగర్‌లో, మా వీధిలోనే కొడుకు దగ్గర ఉంటుంది. ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటాం. ఒక పొద్దున వచ్చి మెట్ల మీద కూర్చుని నవ్వింది.

"వదినె, మీ చెల్లె మస్తు ఫేమసైంది. మా మనుమడు రోజు సూస్తడు. నాక్కూడ సూపెట్టిండు. గట్లనే దంచికొడ్తుంది."

"నీ పెండ్లి ఎన్నో ఏట అయిందో నీ మనుమనికి చెప్పినవా?"

"నాదా? నీకంటె పదిహేను రోజులు ముందయింది. నాకు పన్నెండు నిండలే."

"మరి అదేం మతమే?"

"నాకేమెరుక? మా బాపు మతం," అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్లాక ఆ మాట చెల్లెలికి ఫోనులో చెప్పాను, ఏమంటుందో చూద్దామని. "వాళ్ల ఇంటి సంగతి వాళ్లు చెప్పుకుంటరు ఆపా. నేను నా ఇంటి సంగతి చెప్తున్న," అన్నది. "నా" అనే మాటను ఎంత సులువుగా అన్నది!

ఇప్పుడు ఖాలీ నెల సంగతి. మా ఆడవాళ్లకు నెలల పేర్లు వేరే ఉంటాయి. మదార్, తేరాతేజీ, బారావఫాత్, ఇట్లా. రంజాన్ అయిపోయి ఈద్ నెల వస్తుంది. దాని తర్వాతది ఖాలీ, ఆ పైన బక్రీద్. రెండు పండుగల మధ్య ఏ పండుగా లేని నెల కనుక ఖాలీ అన్నారు. ఆ నెలలో నిఖా చేయరు, చేస్తే ఇల్లు కూడా ఖాలీ అవుతుందని భయం. దీన్‌లో దీనికి ఏ ఆధారమూ లేదని మజీదులో నమాజు చదివించే హజ్రత్ చాలాసార్లు చెప్పారు. ఆయన చెప్పినది నిజమే. నేను ఎప్పుడూ వాదించలేదు, వాడుకున్నాను. చిన్న పిల్ల పెళ్లి ఆపలేని చోట, ఏదో ఒక వంక పెట్టి ఖాలీ దాకా సాగదీస్తే, ఆ తర్వాత నెల రోజులు ఎవరూ కదలరు. నెలలో ఎన్నో మారతాయి. ఒక సంబంధం చెడుతుంది, ఒక తండ్రి మనసు మారుతుంది, ఒక పిల్ల పదో తరగతి పరీక్ష రాస్తుంది. అట్లా ఆగినవి ఎన్నో నాకు లెక్క ఉంది, కాని ఆ పిల్లలు ఇప్పుడు అమ్మమ్మలు, వాళ్ల పరువు వాళ్లది.

చెల్లెలు ఖాలీ మీద కూడా ఒక వీడియో చేసింది. "ఖాలీ అయినది నెల కాదు, మా బుర్రలు," అని నవ్వింది. ఆ వీడియో బాగా తిరిగింది.

మా ఇంటి కింది వాటాలో ఒక కుటుంబం అద్దెకు ఉంటుంది. తండ్రి కూలర్లు బాగుచేస్తాడు, తల్లి బట్టలు కుడుతుంది. పెద్ద పిల్ల ఇంటర్ అయిపోయి ఎంసెట్‌కు చదువుతున్నది. నర్సింగు చేయాలని దాని కోరిక. నన్ను నానీ, అంటే అమ్మమ్మ, అంటుంది. ఈ ఏడాది ఆ పిల్లకు సంబంధం వచ్చింది. పిల్లవాడు దుబాయిలో ఏసీల పని. నాలుగు వారాల సెలవు మీద వస్తున్నాడు. సెలవు తేదీలు విని నేను నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాను. అన్నీ ఖాలీ నెలలోనే. నిఖా కాకుండానే వాడు తిరిగి వెళ్తాడు, మళ్లీ వచ్చేది వచ్చే ఏడు. ఈలోగా పరీక్ష అవుతుంది. బక్రీద్ నెల మొదటి వారంలో పిల్లకు పద్దెనిమిది నిండుతాయి.

పిల్లవాడి తల్లి ఒక మధ్యాహ్నం వచ్చింది. నన్నూ కిందికి పిలిచారు. ఆమె చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, ఖాలీలోనే నిఖా అన్నది.

"ఖాలీ మే శాదీ నై కర్తే," అన్నాను. ఖాలీలో పెళ్లి చేయరు కదా అని.

"ఖాలీ గీలీ కుచ్ నై ఆపా. హజ్రత్ సాబ్‌ను అడిగినం, దీన్‌ల లేదన్నడు. ఇగ మీ సొంత చెల్లెనే చెప్పవట్టె, అది మూఢనమ్మకమని. వీడియో సూపియ్యాల్నా?"

"నమాజు ఇడ్సిపెట్టినామె మాట నువ్వెప్పటిసంది నమ్ముతున్నవమ్మా?"

"మంచి మాట ఎవ్వరు చెప్తేంది?"

నలభై ఏళ్లు నేను దాచిపెట్టుకున్న తాళంచెవిని నా చెల్లెలు ఫోనులో పెట్టి అందరికీ పంచినట్టు అనిపించింది. తేరుకుని వయసు సంగతి ఎత్తాను.

"పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలే."

"మదార్ నెలలనే నిండినయ్ ఆపా," అన్నాడు పిల్ల తండ్రి, తల దించుకునే.

అతను అబద్ధం చెప్పలేదు. మా ఇళ్లలో పుట్టిన రోజు చంద్రుడి నెలల్లోనే గుర్తుంటుంది. చంద్రుడి ఏడాది, కేలండరు ఏడాది కంటే పదకొండు రోజులు తక్కువ. పద్దెనిమిదేళ్లకు ఆ తేడా ఆరున్నర నెలలవుతుంది. చంద్రుడి లెక్కన పిల్ల పెద్దదైపోయింది, కేలండరు ప్రకారం కాలేదు. ఇదంతా వేళ్ల మీద కూడి చూపించాను. "కోర్టు చంద్రుని లెక్క సూడదు," అన్నాను.

"కోర్టుకు ఎవ్వరు పోతున్నరు ఆపా?" అని పిల్లవాడి తల్లి నా వైపు తిరిగింది. "మీరు పోతరా?"

పిల్ల తలుపు వెనక నిలబడి ఉంది. దాని కాళ్లు కనిపిస్తున్నాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్న పిల్లల పెళ్లిళ్ల సంగతి ఆఫీసర్లకు చెప్పే నంబరు నాకు తెలుసు. మునుపు ఒకసారి చేశాను కూడా. నిరుడు మా వెనక వీధిలో ఒక హిందూ పిల్ల పెళ్లిని అట్లాగే ఆపారు. ఆఫీసర్లు వచ్చారు, పెద్దవాళ్లతో రాయించుకున్నారు, వెళ్లారు. ఎవరూ వీడియో తీయలేదు, ఎవరూ ఆ ఇంటి దేవుణ్ని తిట్టలేదు. ఇప్పుడు మా కింది వాటాకు జీపు వస్తే? బస్టాండులో కుర్రవాళ్ల ఫోను గుర్తొచ్చింది. సాయంత్రానికి ఈ పిల్ల మొహం ఊరంతా తిరుగుతుంది. కూలర్లు బాగుచేసే తండ్రిని ఎవరూ ఇంట్లోకి పిలవరు. ఫోను చేయకపోతే పరీక్ష రోజుకు పిల్ల అత్తగారింట్లో ఉంటుంది. ఏది చేసినా నష్టపోయేది అదే పిల్ల.

పొద్దున్నే చెల్లెలికి ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"ఫోన్ చెయ్ ఆపా. ఆలోచించుడెందుకు?" అన్నది.

"చేస్తే ఏమైతదో నీకు తెల్వదా? నీ వీడియోలు సూసేటోళ్లు ఏం జేస్తరో తెల్వదా?"

"వాళ్లు నా మాటను వాడుకుంటరని నేను నోరు మూసుకోవాల్నా? నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

"అబద్ధం చెప్పలే. నా నిజం చెప్పినవ్."

చెల్లెలు మెల్లగా అన్నది. "ఆపా, ఈ ఏడు నేను రెండుసార్లు ఇల్లు మారిన. ఎవరో ఫోన్ చేసి నా చావు ఎట్లుంటదో చెప్తరు. పక్కింటోళ్లకు నా పేరు కూడ తెల్వదు. నువ్వేమో నీ ఊర్ల, నీ వాళ్ల నడుమ, ఆపా ఆపా అనిపించుకుంటున్నవ్. నాకు కుళ్లుగుంటది."

నా మీద దానికి కుళ్లు! నేను నమ్మలేదు. ఫోను పెట్టేశాక కూడా దాని భయం కంటే ముందు నా మనసులో మెదిలినది వేరే మాట. నన్ను ఇంతవరకు ఎవరూ బెదిరించలేదు. బెదిరించాల్సినంత మాటలా నా మాట ఎవరికీ తోచలేదు.

నాలుగు రోజుల తర్వాత తారీఖు ఖాయం చేసుకోవడానికి పిల్లవాడి వాళ్లు మిఠాయి పెట్టెతో వచ్చారు. పిల్లవాడి తల్లి, నానమ్మ, ఇద్దరు మేనత్తలు. నేను గోడకానుకుని కూర్చున్నాను. నా దగ్గర ఇంక ఏ ఉపాయమూ లేదు. పిల్లను తెచ్చి కూర్చోబెట్టారు. తారీఖు మాట రాగానే పిల్ల వణకడం మొదలుపెట్టింది. మొదట జ్వరమేమో అనుకున్నాను. పిల్లవాడి నానమ్మ కాళ్ల దగ్గరికి జరిగి, కొంగు పట్టుకుని ఏడ్చింది.

"దాదీ, ఖాలీ నెలల నక్కో దాదీ, వద్దు. ఖాలీల నిఖా ఐతే ఇల్లు ఖాలీ అయితదట. ఆయన ఇమానం ఎక్కి పోతడు గదా. నాకు శాన భయమైతుంది."

ముసలామె వేళ్లు తస్బీ పూసల మీద ఆగిపోయాయి. కోడలి వైపు తిరిగి, "పిల్ల నోట ఆ మాట వచ్చినంక ఇంకేం తారీఖే? నా మనుమడు ఇమానం ఎక్కాల్నా, వద్దా?" అన్నది. వీడియో చూపిస్తానన్న ఆ తల్లి మొహం తెల్లబోయింది. పిల్ల కన్నీళ్లు చూడగానే ఆమె కూడా ఖాలీని మళ్లీ నమ్మింది. "వచ్చే ఏడు సూద్దాం," అన్నది. మిఠాయి పెట్టె మాత్రం వదిలి వెళ్లారు.

సాయంత్రం పిల్ల పైకి వచ్చింది, ఆ పెట్టెలోంచి రెండు బర్ఫీలు తీసుకుని. మొహం కడుక్కుంది. కళ్లు నవ్వుతున్నాయి.

"మంచిగ చేసిన్నా నానీ?"

"నీకు ఖాలీ అంటే భయమా?"

"భయమేంది? ఛోటీ నానీ వీడియో నేనెప్పుడో సూసిన."

ఛోటీ నానీ అంటే నా చెల్లెలు. దానితో ఈ పిల్ల ఫోనులో మాట్లాడిందట. నెంబరు నా ఫోనులోంచే తీసుకుందట, నేను నమాజులో ఉన్నప్పుడు.

"ఛోటీ నానీయే చెప్పింది. 'మా ఆపా ఉపాయం ఒకటున్నది, మస్తు పాతది. నువ్వు భయపడ్డట్టు చెయ్, ముసలామె కాళ్లు పట్టుకో. నేను చెప్పిన్నని మాత్రం ఎవ్వరికి చెప్పకు, నా ఇజ్జత్ పోతది,' అన్నది." పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది.

నేను కూర్చున్నది పైవాటాలో, పన్నెండు మెట్లు ఎక్కితే చాలు. అది హైదరాబాదుకు ఫోను చేసింది. నా ఉపాయాన్నే నా చెల్లెలి నోట విని వచ్చి, నా ముందే ఆడి చూపించింది.

"నన్నెందుకు అడగలే?"

"నువ్వు కోపం జేస్తవ్ నానీ. లెక్కలు చెప్తవ్. ఛోటీ నానీ నవ్విస్తది."

బర్ఫీ నోట్లో పెట్టుకున్నాను. తీపి ఎక్కువైంది.

పిల్ల పరీక్ష రాసింది. పిల్లవాడు దుబాయి వెళ్లిపోయాడు. బక్రీద్ నెల మొదటి వారంలో, నేను చెప్పిన రోజునే, దానికి పద్దెనిమిది నిండాయి. చేసుకుంటుందో లేదో ఇక దాని ఇష్టం. అదే రోజు చెల్లెలు ఫోను చేసింది. పిల్ల సంగతి విని చాలాసేపు నవ్వింది. నేను నవ్వలేదు.

"ఆపా, నీ పెండ్లి ముచ్చట మళ్లొకసారి చెప్దామనుకుంటున్న. ఏదో తప్పు చెప్పిన్నని అంటవ్ గదా. నీకు ఖరారుగ ఎన్నేండ్లుండె? నువ్వైతే తప్పు చెప్పవ్."

నిజమే, నేను తప్పు చెప్పను. "యాది లేదు," అన్నాను. నా నోట ఆ మాట దానికెప్పుడూ వినపడలేదు. "అవునా?" అని ఊరుకుంది.

యాది లేకేం. నేను పుట్టింది ఈద్ నెలలో. పెళ్లి కూడా ఈద్ నెల చివరే, ఖాలీ చంద్రుడు కనపడితే నెల రోజులు ఆగాల్సి వస్తుందని హడావుడిగా చేశారు. అమ్మ చెప్పిన పద్నాలుగు, చంద్రుడి లెక్క. పద్నాలుగేళ్లకు అయిదు నెలల తేడా వస్తుంది. నా చెల్లెలు ఊరంతటికీ చెబుతున్న మూడో తప్పు ఇదే. నాకు అప్పుడు పద్నాలుగు లేవు. పదమూడేళ్ల ఏడు నెలలు. చెల్లెలి తప్పు పట్టుకుందామని కూడితే, దాని మాటకే బలం వచ్చింది. అందుకే దానికి చెప్పలేదు.

దాని నోట రాకముందే నా పెళ్లి లెక్క నేనే ఇక్కడ రాస్తున్నాను. పక్కింటి పద్మశాలీ పిల్ల లెక్క కూడా దీని పక్కనే ఉండాలి. అదే వేసవి, పదిహేను రోజులు ముందు, పన్నెండు నిండని వయసు. ఆమెను అడిగే రాశాను. "రాయ్ వదినె, నన్నెవ్వడు వీడియో తియ్యడాయె," అన్నది. ఇది చదివి చెల్లెలు ఇకమీద పదమూడు అని చెప్పాలనుకుంటే చెప్పనీ. ఎవరు చెప్పారని ఎవరైనా అడిగితే మాత్రం అక్క అనకూడదు. మా ఆపా చెప్పింది అనాలి.